ట్రినిడాడ్ మాత్రమే

2019 మార్చి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ విమానాశ్రయంలో తిరుగు ప్రయాణానికి వరసలో నిలబడ్డాను. కౌంటర్‌లో ఉన్న పిల్ల నా పాస్‌పోర్టులోంచి పసుపు కార్డు తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఆంటీ, ఇది 2008లోనే అయిపోయింది" అంది.

నాకు కోపం రాలేదు. ఆ మాట నేనే ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

కార్డు మీద అక్షరాలు నావే. 1998లో మా సెంటర్‌లో తోటి సిస్టరు నాకు సూది వేస్తే పేరూ, బ్యాచ్ నంబరూ, తేదీ నేనే రాసుకుని డాక్టరుగారి చేత సంతకం పెట్టించుకున్నాను. అప్పట్లో ఎల్లో ఫీవర్ టీకాకు పదేళ్లే గడువు. 2016 జూలై 11 నుంచి ఆ గడువు తీసేశారు. ఒకసారి వేయించుకుంటే మనిషి ఉన్నంతకాలం కార్డు చెల్లుతుంది, పాత కార్డులు కూడా. అదే చెప్పాను. ఆ పిల్ల తన పై అధికారిని పిలిచింది. ఆవిడ వచ్చి కంప్యూటర్‌లో వెతికి, ఎవరికో ఫోన్ చేసి, చివరికి కార్డు నా చేతిలో పెట్టింది. అరగంట పట్టింది. మా అమ్మాయి దూరం నుంచి ఏమైందని చేతులూపుతూనే ఉంది.

నేను విశాఖపట్నంలో ఇరవై ఏళ్లకు పైగా ఎల్లో ఫీవర్ టీకాలు వేసిన నర్సుని. ఓడల ఊరు కాబట్టి మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు. ఓడల్లో వెల్డరనీ, ఫిట్టరనీ, వంటవాడనీ పనికి కుదిరి, రేపో ఎల్లుండో విమానం ఎక్కాలంటూ పరుగున వచ్చేవాళ్లు. టీకా వేసిన పదో రోజు నుంచిగానీ కార్డు చెల్లదని చెబితే ముఖాలు వాడిపోయేవి. మందు పొడి రూపంలో ఉంటుంది. నీళ్లు కలిపాక ఆరు గంటల్లో వాడెయ్యాలి. ఒక్క మనిషి కోసం సీసా విప్పితే మిగతా డోసులు పారబోయాల్సిందే. అందుకే రోజూ వెయ్యం. వారంలో ఫలానా రోజని పెట్టుకుని అందరినీ ఒకేసారి రమ్మంటాం. గుడ్డు తింటే దద్దుర్లు వస్తాయా, కడుపుతో ఉన్నారా, అరవై దాటాయా అని అడిగి, చెయ్యి పైభాగాన చర్మం కింద అర మిల్లీలీటరు వేసి, అరగంట బెంచీ మీద కూర్చోబెడతాం.

ఆ బెంచీ ఎదుట గోడకు దేశాల జాబితా ఉండేది. ఆఫ్రికావి చాలా, దక్షిణ అమెరికావి కొన్ని. అందులో ట్రినిడాడ్ అండ్ టొబాగో పక్కన 'ట్రినిడాడ్ మాత్రమే' అని ఉండేది. 2015లో మా అల్లుడికి అక్కడి పాయింట్ లీసాస్‌లో గ్యాస్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. సూది వేయించుకుని బెంచీ మీద కూర్చున్నప్పుడు అది చదివి, "ఒకటే దేశం కదా అత్తయ్యా, ఒక దీవిలో జబ్బుండి రెండో దీవిలో లేకపోవడం ఏమిటి?" అని అడిగాడు. నాకు తెలియలేదు. జాబితాలో అలా ఉంది బాబూ అన్నాను. అన్నేళ్లు ఆ గోడకెదురుగా పనిచేసి ఒక్కసారీ ఆ ప్రశ్న వేసుకోనందుకు ఆ రాత్రి బాధపడ్డాను.

2019 జనవరిలో అమ్మాయి దగ్గరికి వెళ్లి రెండు నెలలున్నాను. వెళ్లగానే అది నాకు చదివిన జాగ్రత్తల పట్టిక పెద్దది. చీకటి పడ్డాక నడిచి వెళ్లొద్దు. తెలిసిన టాక్సీయే ఎక్కు. మరాకస్ బీచ్‌లో ఎర్రజెండా కనబడితే నీళ్లలోకి దిగొద్దు, అలలు లోపలికి లాగేస్తాయి. టొబాగో వెళ్తే ఇసుకలో పడి ఉన్న చిన్న ఆకుపచ్చ కాయలు ముట్టుకోకు. అవి మాంచినీల్ చెట్టువి, వాన పడుతున్నప్పుడు ఆ చెట్టు కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. అడవిలోకి వెళ్తే పొడుగు చేతుల చొక్కా. గబ్బిలం తగిలితే, గీరితే వెంటనే ఆస్పత్రికి. విని తలూపాను. తర్వాత ఒక్కొక్క మాటే తవ్వుకుంటూ పోతే, కొన్నింటి కింద మనుషుల చావులు బయటపడ్డాయి. నేనిప్పుడు రాస్తున్నది వాటి గురించే.

ముందు అల్లుడి ప్రశ్న. ట్రినిడాడ్ పేరుకే కరేబియన్ దీవి. వెనిజులా ఒడ్డుకు అతి దగ్గర చోట దూరం పదకొండు కిలోమీటర్లే. ఒకప్పుడు దక్షిణ అమెరికా నేలతో కలిసే ఉండేదట. నేల విడిపోయినా అడవీ, జంతువులూ అలాగే మిగిలాయి. వాటిలో ఎర్రని బొచ్చుతో ఉండే హౌలర్ కోతులున్నాయి. టొబాగో అడవుల్లో ఆ కోతులు లేవు. 'మాత్రమే' అన్న ఆ ఒక్క మాట వెనక ఉన్నది ఆ కోతులూ, చెట్ల చిటారున వాటితోపాటే బతికే దోమలూ.

దీవి తూర్పున నరీవా అనే చిత్తడి నేలలున్నాయి. వాటి మధ్యలో బుష్ బుష్ అనే అడవి. అల్లుడు అనుమతి తీసుకుని, దారి చూపేవాణ్ణి మాట్లాడి, తెల్లవారకముందే మమ్మల్ని తీసుకెళ్లాడు. చిన్న పడవలో నల్లటి నీళ్ల మీద పోతుంటే ముందు ఈదురుగాలి అనుకున్నాను. ఆకు కదలడం లేదు. గాలి కాదు, కోతులు. అది అరుపులా ఉండదు, పెద్ద తూముగుండా నీళ్లు దూకుతున్నట్టు ఉంటుంది. ఒకటి ఆపితే అవతల ఇంకోటి అందుకుంటుంది. దారి చూపే ఆయన తెడ్డు ఆపి, "ఇవి అరిచినంతకాలం మాకు భయం లేదు" అన్నాడు.

ఆయన మాటలో ఎంత చరిత్ర ఉందో తర్వాత తెలిసింది. ఎల్లో ఫీవర్ పుట్టిల్లు ఆఫ్రికా. బానిసల ఓడల్లో, నీళ్ల పీపాల్లో పెరిగిన దోమలతో సహా అది కరేబియన్‌కు చేరింది. 1647లో బార్బడోస్‌లో మొదటిసారి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. వేల ఏళ్లుగా దానితో కాపురం చేసిన ఆఫ్రికా కోతులు ఆ జబ్బును తట్టుకుంటాయి. అమెరికా ఖండం కోతులకు అది కొత్త. హౌలర్లయితే ఈగల్లా రాలిపోతాయి. అడవి మూగబోయిందంటే జబ్బు వచ్చిందన్నమాట.

మరి చిటారు కొమ్మల్లో తిరిగే జబ్బు మనిషికి ఎలా అంటుతుంది? అక్కడి దోమ పేరు హీమగోగస్. ఒళ్లంతా నీలంగా మెరుస్తుంది, పగలు కుడుతుంది, మామూలుగా నేలకు దిగదు. కట్టె కొట్టేవాడు పెద్ద చెట్టును పడగొడతాడు. చెట్టుతోపాటు పైనున్న దోమలూ కిందికి వస్తాయి. కోతి దొరకదు, గొడ్డలి పట్టుకున్న మనిషి దొరుకుతాడు. అతను జ్వరంతో ఊళ్లోకి వస్తే అక్కడ నీళ్ల తొట్లలో పెరిగే ఈడిస్ దోమ అందుకుంటుంది, డెంగీ తెచ్చే ఆ చారల దోమే. అడవి జబ్బు ఊరి జబ్బవుతుంది. మన దేశం ఆ కార్డు కోసం అంత పట్టుబట్టేది కూడా ఇందుకే. మనకు ఈడిస్ ఉంది, కోతులున్నాయి, ఆ జబ్బు ఎన్నడూ ఎరగని కోట్ల ఒళ్లున్నాయి. లేనిది ఒక్క వైరసే. కార్డు లేకుండా దిగినవాళ్లను ఆరు రోజుల దాకా విడిగా ఉంచడం వాళ్లను బాధపెట్టాలని కాదు.

ట్రినిడాడ్‌లో 1914 తర్వాత ఎల్లో ఫీవర్ కనబడలేదు. పోయిందనుకున్నారు. 1950ల మొదట్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఒక వైరస్ లేబొరేటరీ పెట్టారు. విల్బర్ డౌన్స్ అనే డాక్టరు దానికి పెద్ద. జ్వరంతో వచ్చిన అడవి కూలీల రక్తం తీసి పరీక్షించడం వాళ్ల పని. పెట్టిన కొద్దికాలానికే, 1954లో, ఒక రోగి రక్తంలో ఎల్లో ఫీవర్ వైరస్ దొరికింది. నలభై ఏళ్లు అది ఎక్కడికీ పోలేదు. ఆ ఏడే మయారో ప్రాంతపు అడవి కూలీల రక్తంలో ఇంకో కొత్త వైరస్ దొరికింది, దానికి మయారో అని ఊరి పేరే పెట్టారు. మరుసటి ఏడు ఒరొపూచి అనే చోట మరొకటి. ఒరొపూచి ఈమధ్య, 2024లో, బ్రెజిల్‌లోనూ క్యూబాలోనూ విజృంభించి పత్రికల్లోకి ఎక్కినప్పుడు ఆ పేరు విని ఉలిక్కిపడ్డాను. ప్రపంచంలో ఎవరికి ఆ జ్వరం వచ్చినా చెప్పేది ట్రినిడాడ్‌లోని ఒక చిన్న చోటి పేరే. మొదట రక్తమిచ్చిన ఆ అడవి కూలీ పేరు మాత్రం ఎక్కడా వినపడదు.

1978 చివర్లో అడవిలో కోతుల శవాలు కనబడ్డాయి. కొద్ది వారాలకే మనుషులు పడ్డారు, కొందరు చనిపోయారు. దీవంతా టీకాలు వేశారు. చెట్ల కింద రాలిన కోతుల గురించి ముందే కబురు అందింది కాబట్టి జబ్బు పట్నం దాకా పాకలేదని అక్కడివాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు.

ఈ కోతుల సంగతి చదువుతుంటే 1957 గుర్తొచ్చింది. కర్ణాటకలో శివమొగ్గ దగ్గర క్యాసనూరు అడవిలో కోతులు రాలుతున్నాయనీ, అడవికి వెళ్లినవాళ్లకు జ్వరమనీ తెలిసి పుణే వైరస్ పరిశోధన కేంద్రంవాళ్లు పరుగెత్తారు. వాళ్ల మొదటి భయం, ఎల్లో ఫీవర్ మన దేశంలోకి వచ్చేసిందా అనే. అది కాదని, పిడుదులు మోసే వేరే వైరస్ అని తేలింది. మనవాళ్లు కోతి జ్వరం అంటున్నది దాన్నే. ఆ పుణే కేంద్రం పెట్టడంలోనూ రాక్‌ఫెల్లర్ వాళ్ల సాయమే ఉంది. శివమొగ్గలో చచ్చిన కోతిని చూసి భయపడటం ఆ డాక్టర్లకు తెలిసిందంటే, అంతకుముందు అట్లాంటిక్ అవతల అడవుల్లో జరిగిందంతా వాళ్లకు తెలుసు కాబట్టే.

ఫిబ్రవరిలో ఉత్తరాన కొండల్లో ఒక కోకో తోట చూశాం. మా వియ్యపురాలిది ఏలూరు దగ్గర ఊరు, వాళ్ల కొబ్బరి తోటల నీడలో కోకో వేస్తారు, కాబట్టి కాయలు నాకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది నీడ చెట్లు. ఇమ్మోర్టెల్ అంటారు, మన ముళ్లమోదుగకు దగ్గరి చుట్టం. ఎండాకాలంలో ఆకు రాల్చి నిప్పుకణికల్లా పూస్తుంది. కొండంతా ఎర్రగా అంటుకున్నట్టు ఉంది. ఆ కొమ్మల మీద అనాస మొక్కల్లాంటివి గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. అవి నిజంగా అనాస కుటుంబానివే, బ్రొమీలియాడ్లు. తోటవాడు ఒకటి లాగి నా చేతికిచ్చాడు. ఆకుల మొదళ్లు దొప్పల్లా ఉన్నాయి, ఒక్కో దొప్పలో వాననీళ్లు. అరచేతిలోకి వంచితే నీళ్లలో దోమ లార్వాలు మెలికలు తిరుగుతున్నాయి.

మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లో. ఆ తర్వాత ప్రపంచమంతా చెరువులు, మురుగు గుంటల మీద పడింది. ట్రినిడాడ్‌లో గుంటలు పూడ్చినా కోకో కొండల్లో మలేరియా తగ్గలేదు. అక్కడ దోమ పుట్టేది కాళ్ల కింద కాదు, కూలీల నెత్తి మీద, ఆ దొప్పల్లో. అనాఫిలిస్ బెల్లేటర్ అనే ఆ దోమ సంగతి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాగా తేల్చినవాళ్లలో కోలిన్ పిటెన్‌డ్రై అనే ఇంగ్లీషు యువకుడొకడు. యుద్ధం చేయనని మనస్సాక్షి కారణంగా నిరాకరించినవాణ్ణి ఈ పనికి పంపారు. అతను చెట్లెక్కి ఏ ఎత్తులో ఏ వేళకు ఏ దోమ కుడుతుందో గంట గంటకూ రాసుకున్నాడు. తర్వాత ప్రాణుల ఒంట్లోని గడియారం గురించి ప్రపంచానికి చెప్పినవాళ్లలో ముందువరస మనిషయ్యాడు. చెట్లను బతికించి మొక్కలను చంపాలి కాబట్టి బ్రొమీలియాడ్ల మీద మైలుతుత్తం నీళ్లు చల్లారు. మన రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తమే. కొన్నిచోట్ల చేతులతో పీకారు. 1965లో ఆ దేశంలో మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. నా అరచేతిలోని లార్వాల్లో ఆ జాతివీ ఉండి ఉండొచ్చు. దోమ ఉంది, మోయడానికి దానికి మలేరియా లేదు. తోటవాడికి అదంతా తెలియదు. "ఇవి పీకెయ్యడం మా తాత నేర్పాడు" అన్నాడు.

గబ్బిలాల సంగతి రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. 1925లో దీవిలో పశువులు కాళ్లు పడిపోయి చచ్చిపోతుంటే మేతలో విషమనుకున్నారు. 1929లో మనుషులకూ అలాగే మొదలైంది. కాళ్ల నుంచి పైకి పక్షవాతం పాకి రోజుల్లో చనిపోతుంటే పోలియో అన్నారు. పిచ్చికుక్కలు ఆ దీవిలో అప్పటికి లేవు, రేబీస్ మాట ఎవరికి తోస్తుంది? జోసెఫ్ లెనాక్స్ పవాన్ అనే డాక్టరు, ట్రినిడాడ్ బిడ్డే, ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చినవాడు, చనిపోయినవాళ్ల మెదళ్లను సూక్ష్మదర్శినిలో చూసి రేబీస్ గుర్తులు పట్టుకున్నాడు. 1932లో రక్తం తాగే గబ్బిలంలో ఆ వైరస్ దొరికింది. రక్తం తాగే గబ్బిలం మనుషులకు రేబీస్ అంటించగలదని ప్రపంచానికి రుజువైంది ఆ దీవిలోనే. 1937 నాటికి 89 మంది పోయారు. ఎక్కువమంది పల్లెల్లో తడికల ఇళ్లలో పడుకునేవాళ్లు. గబ్బిలం కాలివేలికి గాటు పెట్టినా నిద్రలో తెలియదు. ఈనాటికీ ప్రభుత్వం పశువులకు టీకాలు వేస్తుంది, వలలు కట్టి గబ్బిలాలను పడుతుంది. కుక్క కరిస్తే సూది కోసం వచ్చినవాళ్లను నేను చూశాను. సూదికి రానివాళ్లను కూడా ఒకరిద్దరిని చూశాను. ట్రినిడాడ్ వెళ్లేవారెవరైనా నన్నడిగితే మొదట చెప్పేది ఇదే: పొద్దున లేచి కాలి మీద చిన్న రక్తపు గీత కనబడినా సబ్బు నీళ్లతో కడిగి, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.

మా అమ్మాయి పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. భారత సంతతి. నన్ను చూడగానే లోపలికి పిలిచి టీ ఇచ్చింది. వాళ్ల ముత్తాత కలకత్తా నుంచి ఓడలో వచ్చాడట. 1845 మే 30న ఫటెల్ రజాక్ అనే ఓడ మొదటి భారతీయ కూలీలను దించింది. 1917 దాకా దాదాపు లక్షా నలభై నాలుగు వేలమంది వెళ్లారు. మొదటి పదిహేనేళ్లలో మద్రాసు రేవు నుంచీ ఓడలు పోయాయి, వాటిలో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ అందరికీ ఒకటే పేరు, మద్రాసీలు. వాళ్ల భాష పోయింది. వాళ్లు పట్టుకెళ్లిన అమ్మవారి కొలుపులో వేపమండలు మాత్రం మిగిలాయి. మశూచి వస్తే మన ఊళ్లలో గుమ్మానికి కట్టిన మండలే అవి.

1866 నుంచి వచ్చినవాళ్లను ముందు రేవుకు ఎదురుగా ఉన్న నెల్సన్ ద్వీపంలో దించేవారు. నేను పడవలో వెళ్లి చూశాను. చుట్టూ నడవడానికి పావుగంట పట్టదు. రాతిగోడల షెడ్లు, ఎండ, ఎదురుగా పట్నం కనబడుతూ ఉంటుంది. అక్కడే డాక్టరు చూసేవాడు. బాగున్నవాళ్లు తోటలకు, జబ్బుపడ్డవాళ్లు అక్కడే. నడిసముద్రంలో పోయినవాళ్ల లెక్క ఓడ పుస్తకాల్లో.

పెద్దావిడ లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం తెచ్చింది. ముత్తాత ఎమిగ్రేషన్ పాసు నకలు. ఎవరో బంధువు ఆర్కైవ్స్‌లో వెతికించాడట. ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, ఠాణా, ఊరు. ఊరి పేరు గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు, ఆవిడకు ఈనాటికీ ఆ ఊరు దొరకలేదు. కింద అచ్చు వేసిన వరస ఒకటి ఉంది. ఈ మనిషి ప్రయాణానికి తగినవాడు, ఒంటి జబ్బూ మనసు జబ్బూ లేవు, పనికి ఒప్పుకున్నాక ఇతనికి టీకా వేశారు అని దాని సారాంశం. మశూచి టీకా. ఆ కాలంలో గాటుపెట్టి వేసేవారు, మచ్చ జన్మంతా ఉండిపోతుంది. ఎన్ని వేల కార్డులు నింపానో, నా కళ్లు అలవాటుగా ముందు ఆ వరస దగ్గరికే పోయాయి. డాక్టరు సంతకం ఉంది. టీకా ఎప్పుడు వేశారో తేదీ లేదు, ఎవరు వేశారో లేదు.

"ఏముంది అందులో, అంతసేపు చూస్తున్నారు?" అని ఆవిడ అడిగింది. మీ ముత్తాతకు టీకా వేసిన కబురు ఉందని చెప్పాను. ఆవిడకు అది తెలియదు. కళ్లజోడు తెచ్చుకుని, నా వేలు ఉన్న చోట తన వేలు పెట్టి, ఆ వరస మొదటిసారి చదువుకుంది.